విశాఖ ఉక్కపోతలో చాక్లెట్ డ్రిప్ కేకు: ఒక మే నెల ఆర్డరు, నాలుగు ప్రయత్నాలు

ఎంవీపీ కాలనీలోని మా ఇంట్లోనే ఎనిమిదేళ్లుగా కేకులు చేసి ఇస్తున్నాను. పై అంచు నుంచి చాక్లెట్ చారలుగా జారి మధ్యలో ఆగినట్టు అలంకరించే డ్రిప్ కేకులు కూడా ఆ లెక్కలో చాలానే ఉన్నాయి. అయినా మే నెల మూడో వారంలో వచ్చిన ఒక ఆర్డరు కోసం మూడుసార్లు చేసి మూడుసార్లూ చెడగొట్టుకున్నాక గానీ, డ్రిప్ ఎందుకు జారుతుందన్న ప్రశ్నకు ఇన్నాళ్లూ తప్పు సమాధానం చెప్పుకుంటున్నానని నాకు తెలియలేదు. గనాష్, అంటే చాక్లెట్‌ను వేడి క్రీమ్‌తో కలిపి చేసే మిశ్రమం, పలచనైతే జారుతుందని, చిక్కగా ఉంటే నిలుస్తుందని నమ్ముతూ వచ్చాను. అందులో నిజం కొంతే ఉంది. సముద్రం పక్కన ఉండే మన ఊళ్లో, ఎండాకాలంలో, డ్రిప్‌ను కిందికి లాగేది చాలాసార్లు కేకు ఒంటికి పట్టే చెమట. ఆ సంగతి ఎలా బయటపడిందో, దాన్ని ఎలా దాటానో కొలతలతో సహా ఇక్కడ రాస్తున్నాను.

ఆర్డరు ఇచ్చినావిడ మా పాత కస్టమరే. అత్తగారి 70వ పుట్టినరోజు, రుషికొండ దగ్గరి సొంత ఇంట్లో, రాత్రి 7 గంటలకు, సుమారు నలభై మంది. "మా అత్తయ్యగారు గుడ్డు ముట్టుకోరండి, పిల్లలేమో డ్రిప్ కేకే కావాలని పట్టుబట్టారు. డాబా మీద పెట్టి కోయిద్దామనుకుంటున్నాం, సముద్రపు గాలి బాగా వస్తుంది" అని ఆవిడ సంతోషంగా చెప్పారు. మనుషులకు హాయిగా ఉండే ఆ గాలే కేకుకు అన్నిటికన్నా పెద్ద పరీక్ష అని అప్పుడు నాకు సగమే తెలుసు. రెండున్నర కిలోల కేకు, గుడ్డు లేకుండా, ఆరుబయట కనీసం అరగంట నిలబడాలి. చేతిలో ఆరు రోజులున్నాయి కాబట్టి ముందు చిన్నగా చేసి చూడాలని నిర్ణయించుకున్నాను.

డ్రిప్ కేకు అనేది చూడటానికి ఎంత సరళంగా కనిపిస్తుందో, చేయడానికి అంత మొహమాటం లేనిది. ఎక్కడ తప్పు చేసినా నలుగురికీ కనిపించేలా చూపిస్తుంది. చల్లని, నున్నని కేకు అంచు మీద నుంచి గోరువెచ్చని గనాష్‌ను కొద్దికొద్దిగా వదిలితే, అది జారుతూ జారుతూ చల్లబడి, మధ్యదారిలో బొట్టులా ఆగిపోవాలి. అంటే డ్రిప్ పొడవును నిర్ణయించేది గనాష్ వేడి, కేకు చలి, వదిలిన పరిమాణం. రెసిపీలన్నీ ఈ మూడింటి గురించే చెబుతాయి. గాలిలోని తేమ అనే నాలుగో విషయాన్ని మాత్రం నేను చూసినవేవీ పట్టించుకోలేదు.

జారిన మూడు కేకులు

మొదటి ప్రయత్నం మామూలుగా అందరం చేసేదే. చాక్లెట్ స్పాంజ్ మీద వెజిటబుల్ ఫ్యాట్‌తో చేసిన తెల్లని విప్పింగ్ క్రీమ్ పూసి, నాలుగు గంటలు ఫ్రిజ్‌లో పెట్టాను. డార్క్ కాంపౌండ్ చాక్లెట్ 100 గ్రాములు, 25 శాతం కొవ్వుండే ఫ్రెష్ క్రీమ్ 100 గ్రాములు కలిపి గనాష్ చేసి, 34 డిగ్రీలకు చల్లార్చి, ఉదయం 11 గంటలకు వంటగదిలోనే వేశాను. గోడకు తగిలించిన మీటరు ప్రకారం వంటగది వేడి 32 డిగ్రీలు, తేమ 75 శాతం. వేసిన ప్రతి చుక్కా ఎక్కడా ఆగకుండా నేరుగా కేక్ బోర్డు దాకా దిగిపోయింది. దారి పొడవునా తెల్ల క్రీమ్‌లోకి గోధుమ రంగు చారలు పాకాయి. పలచనైందని తేల్చుకున్నాను.

రెండో రోజు కాంపౌండ్‌ను 150 గ్రాములకు పెంచి, క్రీమ్ 100 గ్రాముల దగ్గరే ఉంచాను. కేకు ఇంకా చల్లగా ఉంటే గనాష్ త్వరగా గడ్డకడుతుందన్న ఆలోచనతో, ఆఖరి 20 నిమిషాలు దాన్ని ఫ్రీజర్‌లో కూడా పెట్టాను. ఈసారి డ్రిప్‌లు పొట్టిగా, లావుగా వచ్చి నిలబడ్డాయి. ఊపిరి పీల్చుకుని గిన్నెలు కడగడానికి వెళ్లి, పది నిమిషాల తరువాత వచ్చి చూస్తే, ఒక్కొక్క డ్రిప్ తన ఆకారం చెడకుండానే, జలగలా, మొత్తంగా కిందికి జారుతోంది. గనాష్ గట్టిగానే ఉంది, దాని కింది పట్టు మాత్రం లేదు. అసలు కారణం ఆ క్షణంలోనే నా కళ్ల ముందు ఉంది. కానీ నేను నింద విప్పింగ్ క్రీమ్ మీద వేశాను. దాని నున్నదనం వల్లే పట్టు దొరకడం లేదని అనుకున్నాను.

మూడో ప్రయత్నంలో అందుకే పైపూతను గనాష్‌తోనే చేయాలనుకున్నాను. ఇక్కడ నేను చేసిన రెండు పొరపాట్లు విడిగా చెప్పుకోవాలి. పైపూతను మార్చడంతో పాటు చాక్లెట్‌ను కూడా మార్చి, రెండు మార్పులు ఒకేసారి చేయడం మొదటిది. ఫలితం దేనివల్ల వచ్చిందో చెప్పలేని పరిస్థితి తెచ్చుకున్నాను. ఖర్చు కలిసివస్తుందని కాంపౌండ్, కోవర్చర్ అనే రెండు రకాల చాక్లెట్లను చెరిసగం కలపడం రెండోది. కోవర్చర్‌లో ఉండేది కోకో బటర్. కాంపౌండ్‌లో దాని బదులు సాధారణంగా పామ్ కెర్నెల్ నూనె నుంచి తీసిన గట్టి కొవ్వు ఉంటుంది. ఈ రెండు కొవ్వులూ విడివిడిగా చక్కగా గడ్డకడతాయి గానీ, గణనీయమైన పాళ్లలో కలిస్తే ఒకదాని స్ఫటికాలను మరొకటి పాడుచేసి, రెండింటికన్నా మెత్తని పదార్థంగా మిగులుతాయి. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచినా ఆ పూత మీద వేలు పెడితే గుంట పడింది. దాని మీద వేసిన డ్రిప్ పూతలోకి కూరుకుపోయింది. కాంపౌండ్ వాడటం తప్పని నేను అనను; ఎండలో ఆకారం నిలుపుకోవడంలో అది కోవర్చర్‌కన్నా మేలు, టెంపరింగ్ (చాక్లెట్ గట్టిగా పేరేలా కొలిచిన వేడిలో కరిగించి చల్లార్చడం) అవసరం లేదు. నోట్లో కరగకుండా మైనంలా అంటుకునే గుణం ఒక్కటే నాకు నచ్చదు. ఏది వాడినా ఒక్కటే వాడాలి.

మజ్జిగ గ్లాసు

మూడో కేకును బల్ల మీద వదిలేసి, అదే ఫ్రిజ్ అరలోంచి మజ్జిగ గ్లాసు తీసి పక్కన పెట్టుకున్నాను. రెండు నిమిషాల్లో స్టీల్ గ్లాసు ఒళ్లంతా నీటి బొట్లు కమ్మి, కింద బల్ల తడిసింది. అది చూస్తూ చూస్తూ కేకు పక్కన వేలు ఆనించాను. వేలు తడిసింది. రోజూ చూసే మజ్జిగ గ్లాసుకూ, అదే అరలోంచి వచ్చిన కేకుకూ గాలి ఒకే న్యాయం చేస్తుందన్న మాట ఎనిమిదేళ్లలో నాకు తట్టకపోవడం ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

లెక్క చూస్తే విషయం ఇంకా స్పష్టంగా అర్థమైంది. 32 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉన్న గాలిలోని ఆవిరి సుమారు 27 డిగ్రీల వద్దే నీరుగా మారడం మొదలుపెడుతుంది. అంటే 27 డిగ్రీలకన్నా చల్లగా ఉన్న ఏ వస్తువును ఆ వంటగదిలో పెట్టినా దాని మీద నీరు కడుతుంది. ఫ్రిజ్‌లోంచి వచ్చిన కేకు 4, 5 డిగ్రీల్లో ఉంటుంది. ఫ్రీజర్‌లో పెడితే ఇంకా చల్లబడి ఇంకా ఎక్కువ నీటిని లాగుతుంది. రెండో ప్రయత్నంలో నేను మేలు చేస్తున్నాననుకుని చేసింది ఇదే. ఆ సన్నని నీటి పొర మీద గనాష్‌కు పట్టు దొరకదు. గనాష్‌లో ఉన్నది కొవ్వూ నీరూ కలిసిన మిశ్రమం కాబట్టి, తాకిన చోట అది నీటిలో మరింత పలచబడి, తెల్ల క్రీమ్‌లోకి రంగు వదులుతుంది.

అనుమానం నిజమో కాదో తేల్చడానికి ఈసారి ఒక్క మార్పే చేశాను. నాలుగు అంగుళాల చిన్న కేకులు రెండింటికి ఒకే పూత పూసి, ఒకే అరలో చల్లబరిచి, ఒకటి వంటగదిలో, మరొకటి తలుపులు మూసి 24 డిగ్రీల ఏసీ నడుస్తున్న పడకగదిలో పెట్టాను. ఒకే గిన్నెలోని ఒకటికొకటి గనాష్‌ను, మొదటి రోజు జారిపోయిన అదే పాళ్ల గనాష్‌ను, నిమిషం తేడాలో రెండింటి మీదా వేశాను. వంటగదిలోది బోర్డు దాకా జారింది. పడకగదిలోది రెండున్నర అంగుళాలు దిగి ఆగింది, రాత్రి దాకా కదల్లేదు. గనాష్ పాళ్లు మార్చుకుంటూ నేను పోగొట్టుకున్న మూడు రోజులకు సమాధానం అక్కడ దొరికింది.

అయితే ఏసీ ఒక్కటే చాలదు. 24 డిగ్రీలు, 50 శాతం తేమ ఉన్న గదిలో కూడా ఆవిరి దాదాపు 13 డిగ్రీల వద్ద నీరవుతుంది. 4 డిగ్రీల కేకు ఆ గదిలోనూ చెమట పడుతుంది, కాకపోతే తక్కువగా, నెమ్మదిగా. అందుకని కేకును ఫ్రిజ్‌లో పెట్టేటప్పుడే మూతగల అట్టపెట్టెలో ఉంచి, చుట్టూ క్లింగ్ ఫిల్మ్ చుట్టాను. పనికి అరగంట ముందు ఆ పెట్టెను తెరవకుండానే ఏసీ గదిలోకి తెచ్చి పెట్టాను. నీరు కట్టాల్సింది పెట్టె పైన కడుతుంది; లోపల కేకు ఒంటి చలి మెల్లగా తగ్గుతుంది. అప్పుడు తెరిస్తే ఒళ్లు పొడిగా ఉంటుంది, పూత గట్టిగానే ఉంటుంది. కేకు ఎంత చల్లగా ఉంటే అంత మంచిదన్న మాట మన ఊరికి వర్తించదని నా అభిప్రాయం.

కేకు ఒళ్లు పొడిగా ఉందో లేదో మాటిమాటికీ వేలితో తాకి చూడలేం కదా. దానికి మజ్జిగ గ్లాసే దారి చూపించింది. ఒక స్టీల్ గ్లాసులో నిండుగా నీళ్లు పోసి, కేకుతో పాటు అదే పెట్టెలో పెట్టి చల్లబరిచాను. పెట్టె తెరిచాక ఆ గ్లాసును పక్కన పెట్టి రెండు నిమిషాలు చూస్తాను. దాని మీద మసక కమ్మకపోతే కేకూ పొడిగా ఉన్నట్టే. ఆ తరువాత గ్లాసు అంచు మీద నుంచి ఒక చెంచా గనాష్ వదిలి, ఎంత దూరం దిగి ఆగుతుందో చూస్తాను. కేకు మీద డ్రిప్ ఎలా దిగుతుందో ఆ గ్లాసు ముందే చెప్పేస్తుంది. థర్మామీటరు లేనివాళ్లకు కూడా ఈ పరీక్ష సరిపోతుంది.

తెల్లవారుజామున చల్లగా ఉంటుంది కాబట్టి అప్పుడు చేసుకోమని కొందరు సలహా ఇస్తారు. వేడి తగ్గినంత మాత్రాన గాలిలోని ఆవిరి ఎక్కడికీ పోదు. ఎండాకాలపు వేకువలో తేమ శాతం పగటికన్నా ఎక్కువే చూపిస్తుంది. పక్కనే కుక్కర్ విజిల్ వేస్తుంటే మరీ చెడ్డది. ఏసీ లేని ఇళ్లలో పని చేసేవారు కేకును మరీ చల్లబరచకుండా, పెట్టెలో ఎక్కువ సేపు ఉంచి, కాంపౌండ్‌తో చేసిన గట్టి పూత మీద పొట్టి డ్రిప్‌లు వేసుకోవడం మంచిది. పొడవైన డ్రిప్‌ల కోసం పట్టుబట్టకూడదు.

డాబా మీదికి వెళ్లిన కేకు

స్పాంజ్ విషయంలో నాకు కొత్త సమస్యలేవీ లేవు గనుక దాన్ని క్లుప్తంగా చెబుతాను. ఏడు అంగుళాల టిన్నులు మూడింటికి మైదా 360 గ్రాములు, కోకో పొడి 75 గ్రాములు, పంచదార 360 గ్రాములు, పుల్లని పెరుగు 300 గ్రాములు, వాసన లేని నూనె 180 మిల్లీలీటర్లు, వంటసోడా చెంచాన్నర, బేకింగ్ పౌడర్ ఒక చెంచా, ఉప్పు అర చెంచా, వెనిల్లా. వీటితో పాటు 300 మిల్లీలీటర్ల వేడి అరకు కాఫీ డికాక్షన్. కోకోను ముందుగా ఆ వేడి డికాక్షన్‌లో కలిపి పది నిమిషాలు వదిలితే దాని రంగూ వాసనా విచ్చుకుంటాయి; కాఫీ రుచి పైకి తెలియకుండా చాక్లెట్‌ను లోతుగా చేస్తుంది. అది చల్లారాకే పెరుగూ నూనే కలపాలి, పొడులు ఆఖరున జల్లించి కలపాలి. ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్‌లో) 170 డిగ్రీల వద్ద 32 నుంచి 35 నిమిషాలు పట్టింది. వెన్న బదులు నూనె వాడటం పొదుపు కోసం కాదు. వెన్నతో చేసిన స్పాంజ్ ఫ్రిజ్‌లో బిగుసుకుపోతుంది, నూనెతో చేసినది చల్లగా ఉన్నా మెత్తగా తెగుతుంది. డ్రిప్ కేకు ఎలాగూ ఫ్రిజ్‌లో ఉండాల్సిందే కాబట్టి ఈ ఎంపిక తప్పదు.

పైపూతకు మిల్క్ చాక్లెట్ గనాష్ ఎంచుకున్నాను. తెల్ల పూత మీద ముదురు డ్రిప్ ఫొటోలో ఎంత అందంగా ఉన్నా, ఆరుబయట అర నిమిషం చెమట పడితే చాలు, ప్రతి చారా బయటపడుతుంది. లేత గోధుమ రంగు మీద ముదురు డ్రిప్ స్పష్టంగానే కనిపిస్తుంది, ఒకవేళ కొద్దిగా రంగు పాకినా కంటికి ఆనదు. పిల్లల తల్లికి ఫోన్ చేసి ఈ మార్పు వివరించి ఒప్పించాను. అది అలంకారంలో రాజీ పడటమని ఆవిడకు మొదట అనిపించింది. డాబా మీద పెట్టే కేకుకు రంగు ఎంచుకోవడం కూడా నిర్మాణంలో భాగమే అని నేను అనుకుంటాను.

మిల్క్ కోవర్చర్ 450 గ్రాములు, 25 శాతం క్రీమ్ 150 గ్రాములు, అంటే మూడుకు ఒకటి. ఈ పాళ్లలో క్రీమ్ వేడి ఒక్కటే చాక్లెట్ అంతటినీ కరిగించలేదు. అందుకే తరిగిన చాక్లెట్‌ను ముందు డబుల్ బాయిలర్ మీద, అంటే వేడినీళ్ల గిన్నె మీద పెట్టిన మరో గిన్నెలో, సగం కరిగించి, అంచుల్లో బుడగలు వచ్చే దాకా వేడిచేసిన క్రీమ్‌ను పోసి, రెండు నిమిషాలు కదపకుండా ఉంచి, మధ్యలో నుంచి చిన్న చిన్న చుట్లుగా కలిపాను. కరుగుతున్న చాక్లెట్‌లోకి కింది గిన్నె ఆవిరి గానీ, తడి గరిటె గానీ తగలకూడదు; కొన్ని చుక్కల నీటికే చాక్లెట్ ముద్దకట్టేస్తుంది. రాత్రంతా ఏసీ గదిలో ఉంచిన గనాష్ ఉదయానికి పేరిన నెయ్యిలా, గరిటెకు నిలిచేలా అయింది. మూడు స్పాంజ్ పొరలకు 120 మిల్లీలీటర్ల పంచదార సిరప్ అద్ది, మధ్యలో చిలికిన డార్క్ గనాష్, వేయించి పలుకులుగా దంచిన పలాస జీడిపప్పు పెట్టాను. స్పాంజ్ పొడి పైకి రాకుండా పలచని తొలి పూత (క్రమ్ కోట్) వేసి అరగంట బిగిశాక అసలు పూత వేసి, వేడినీళ్లలో ముంచి పూర్తిగా తుడిచిన స్క్రేపర్‌తో నున్నగా తీశాను. పై అంచు కత్తితో కోసినట్టు ఉండాలి. అంచు గుండ్రంగా ఉంటే గనాష్ ఎక్కడ దిగాలో తనే నిర్ణయించుకుని, ఒకచోట గుంపుగా దిగిపోతుంది.

డ్రిప్‌కు 54 శాతం డార్క్ కోవర్చర్ 110 గ్రాములు, క్రీమ్ 90 గ్రాములు, లిక్విడ్ గ్లూకోజ్ ఒక చెంచా తీసుకున్నాను. 35 శాతం కొవ్వున్న క్రీమ్ అయితే చాక్లెట్‌కు సమానంగా వేయవచ్చు. మనకు సులభంగా దొరికే 25 శాతం క్రీమ్‌లో నీరు ఎక్కువ కాబట్టి కొంచెం తగ్గించాను. గ్లూకోజ్ వల్ల మెరుపు నిలుస్తుంది. 32 డిగ్రీలకు చల్లారాక, కింది పెదవికి ఒక చుక్క తాకిస్తే వెచ్చగా కాక, ఇసుమంత చల్లగా అనిపించింది. గ్లాసు మీద వేసిన చుక్క రెండంగుళాలు దిగి ఆగింది.

నేను డ్రిప్ వేయడానికి స్క్వీజ్ బాటిల్ కన్నా టీ చెంచానే ఇష్టపడతాను. బాటిల్ పట్టుకున్న అరచేతి వేడికి లోపలి గనాష్ మెల్లగా పలచబడుతుంది, ఆఖరి డ్రిప్‌లు మొదటివాటి కన్నా పొడవవుతాయి. కొత్తగా నేర్చుకునేవారికి చెంచాతో పరిమాణం అదుపులో ఉండదు గనుక, మొన సన్నగా కత్తిరించిన పైపింగ్ బ్యాగ్ నయం. మొదట కేకు వెనుక వైపు ఒకే ఒక డ్రిప్ వేసి నిమిషం ఆగి చూశాను. అది నిలిచాక టర్న్‌టేబుల్ తిప్పుతూ, అంగుళానికి ఒకటి చొప్పున, చెంచాను అంచుకు ఆనించి ఒకసారి అర చెంచా, ఒకసారి పావు చెంచా వదిలాను. ఏడంగుళాల కేకు చుట్టూ 21 డ్రిప్‌లు పడ్డాయి. అన్నీ ఒకే పొడవు ఉంటే తోరణంలా కట్టినట్టు కనిపిస్తాయి, వర్షం వెలిశాక చూరు నుంచి దిగే నీటిలా ఎగుడుదిగుడుగా ఉంటేనే అందం. అంచు పూర్తయ్యాకే పైభాగం నింపాలి, అదీ పలచగా. ముందే పైన కుమ్మరిస్తే ఆ బరువు అంచును తోసుకుని, వేసిన డ్రిప్‌ల మీద నుంచే మళ్లీ దిగుతుంది. మధ్యలో కరెంటు పోతుందేమోనని భయపడుతూనే చేశాను. డ్రిప్ పని మొత్తం 12 నిమిషాల్లో ముగిసింది.

అలంకరణలో కూడా తేమే తీర్పు చెప్పింది. జీడిపప్పు పాకం పలకలుగా విరిచి నిలబెట్టాలని మొదట అనుకున్నాను గానీ, పంచదార పాకం గాలిలోని నీటిని పీల్చుకుని మన ఊళ్లో నిమిషాల్లోనే జిగటగా మారుతుంది. మకరూన్లూ, మెరాంగ్ ముద్దలూ అంతే. అందుకని వేయించిన జీడిపప్పులను సగం వరకు డార్క్ చాక్లెట్‌లో ముంచి ఆరబెట్టి, చంద్రవంకలా ఒక పక్కకు పేర్చాను. మిగిలిన డార్క్ గనాష్‌ను చిలికి, నక్షత్రం నాజిల్‌తో ఏడు గులాబీ చుట్లు వేశాను. మల్లెపూల కాలం, పెద్దావిడకు మల్లెలంటే ప్రాణమని కోడలు చెప్పారు. మార్కెట్ పూల మీద ఏ మందు కొట్టారో తెలియదు కాబట్టి కేకుకు తాకనివ్వకుండా, బోర్డు కింద పెట్టే పళ్లెం చుట్టూ మాత్రం మల్లెదండ చుట్టాలని వాళ్లకే చెప్పి పంపాను. పూర్తయిన కేకును మళ్లీ పెట్టెలో మూసి మూడు గంటలు ఫ్రిజ్‌లో ఉంచాను.

సాయంత్రం 6 గంటలకు బయలుదేరాం. బయలుదేరడానికి 20 నిమిషాల ముందే కారులో ఏసీ వేయించి, ముందు సీటు దగ్గర కాళ్లు పెట్టుకునే సమతలం మీద రబ్బరు మ్యాట్ పరిచి, పెట్టె దాని మీద పెట్టాను. ఒళ్లో పెట్టుకుంటే ఒంటి వేడి తగులుతుంది, సీటు మీద పెడితే వాలుతుంది. తెన్నేటి పార్కు దాటాక కైలాసగిరి పాదం వెంట రోడ్డు ఎక్కుతూ దిగుతూ మలుపులు తిరుగుతుంది. పొరలు కదలకుండా కేకు మధ్యలో నిలువుగా దించిన పుల్ల (డోవెల్) అక్కడ పనికొచ్చింది. డాబా మీద కేకును ముందుగా పెట్టవద్దని, అందరూ చేరాకే పెట్టె తెరుద్దామని అడిగాను, వాళ్లు మన్నించారు.

7 గంటల 20 నిమిషాలకు పెట్టె తెరిచాను. గాలి తడిగా, ధారాళంగా వీస్తోంది. పది నిమిషాలు గడిచేసరికి పూత మీద సూదిమొన లాంటి నీటి బొట్లు కనబడ్డాయి. డ్రిప్‌లు కదల్లేదు. పొడి పూత మీద పడి, గట్టిపడి, ఫ్రిజ్‌లో బిగుసుకున్నాయి కాబట్టి, తరువాత పైకి చేరిన తేమ వాటి కింది పట్టును వదిలించలేకపోయింది. ఫొటోలు, హారతి, పాట అన్నీ అయ్యి కత్తి పెట్టేసరికి 35 నిమిషాలైంది. నష్టం లేకపోలేదు: గాలి వచ్చే వైపు రెండు డ్రిప్‌లు కొసల దగ్గర ఒకదానికొకటి అంటుకున్నాయి, చిలికిన గనాష్ చుట్లలో ఒకటి పక్కకు ఒరిగింది, డ్రిప్‌ల మెరుపు మసకబారింది. చిలికిన గనాష్‌లో గాలి ఉంటుంది, అది పూత కన్నా ముందే మెత్తబడుతుందని ఊహించి ఉండాల్సింది. ఆరుబయటి కేకులకు ఆ చుట్లు వేయడం అప్పటితో మానేశాను. మొదటి ముక్క తిన్న పెద్దావిడ నన్ను పిలిచి, "కాఫీ వాసన వస్తోందేమిటమ్మా?" అని అడిగారు. అరకు డికాక్షన్ అని చెబితే, ఇంకో ముక్క పెట్టమన్నారు.

మిగిలిన కేకును గంటలోపే ఫ్రిజ్‌లోకి చేర్చమని, మరునాడు తినేటప్పుడు పెట్టెలోనే అరగంట బయట ఉంచి తరువాత తెరవమని కోడలుగారికి చెప్పి వచ్చాను. క్రీమ్ ఉన్న పదార్థం, అలాంటి వేడిలో అంతకన్నా ఎక్కువ సేపు బయట ఉండకూడదు.

అదే ఇంటి నుంచి డిసెంబరులో మనవడి పుట్టినరోజుకు మళ్లీ డ్రిప్ కేకు అడిగారు. ఉదయం వంటగది 23 డిగ్రీలు ఉంది, ఏసీ వేయాల్సిన పని లేకపోయింది. పెట్టె మాత్రం అప్పుడూ తప్పలేదు. మే నెలలో రాసుకున్న 32 డిగ్రీల లెక్క ప్రకారమే గనాష్‌ను గ్లాసు మీద వదిలితే, అది అంగుళం కూడా దిగకుండా అంచు దగ్గరే లావుగా ఆగిపోయింది. గిన్నెను వేడినీళ్లలో ఉంచి 35కు తెచ్చి మరో చుక్క వదిలాను. అది రెండంగుళాలు దిగాక కేకు వైపు తిరిగాను.